ఊరూ పేరూ చెప్పిన ప్రార్థన

నా ఫోన్‌లో సగం మండలం ఉంటుంది. దంతాలపల్లిలో నాది జిరాక్స్ దుకాణం. ఇదివరకు జనం కాగితాలు పట్టుకుని వచ్చేవాళ్లు. ఇప్పుడు చేతులూపుకుంటూ వచ్చి, "అక్కా, నీ నంబర్‌కు పెడ్తున్న, జర ప్రింట్ తియ్యి" అంటారు. నేను ఎలాంటిదాన్నో ఎవరూ ఆలోచించరు. ఆధార్ కార్డులు, పాసుపుస్తకాలు, రక్త పరీక్షలు, కడుపులో బిడ్డ స్కానింగులు, అన్నీ వచ్చి నా ఫోన్‌లో పడతాయి. ఒకాయన కులం సర్టిఫికెట్ పంపబోయి, పెళ్లానికీ తనకూ జరిగిన పంచాయితీ మొత్తం పంపాడు. చదవలేదంటే అబద్ధం. చదివి, నవ్వుకుని, చెరిపేశాను. ఇంకొకరైతే చెరిపేవాళ్లా అన్నది నా అనుమానం.

అనుమానం నాకు పుట్టుకతో వచ్చింది. బస్సులో పక్క సీటావిడ నిద్రపోయినా, నిజంగా పోయిందా, నా మాటలు వింటోందా అని చూస్తాను. అందరూ పొద్దున లేస్తే ముందు తెరిచే ఆ మెసేజ్‌ల యాప్‌లో నేను ఎప్పుడున్నానో, ఎప్పుడు పోయానో ఎవరికీ కనిపించదు. చదివిన గుర్తు పడదు. ఫొటో పెట్టాల్సిన చోట బీరపువ్వు పెట్టాను. నన్ను మా తమ్ముడు సీఐడీ అక్క అని పిలుస్తాడు. పిలవనీ. వాడి స్టేటస్ చూస్తే వాడి ఇంట్లో ఏ పూట ఏం కూరో, ఎప్పుడు ఇంటికి తాళం వేసి ఊరికి పోయారో ఊరంతటికీ తెలుస్తుంది.

అయినా ఆ యాప్ తీసెయ్యలేకపోయాను. దానికి కారణం మా అమ్మ.

నాది మహబూబాబాద్ జిల్లా, చెల్లెలిది జనగామ, అమ్మా తమ్ముడూ ఉండేది భూపాలపల్లి. కలవాలంటే బస్సులు మారి మారి నడుములు పడిపోయేవి. అమ్మకు చదువు రాదు. తమ్ముడు ఆమెకు టచ్ ఫోన్ కొనిచ్చి, మైకు బొమ్మ మీద వేలు పెట్టి మాట్లాడాలనీ, వేలు తీస్తే మాట వెళ్లిపోతుందనీ నేర్పాడు. అంతే, అమ్మ రోజూ పొద్దున్నే మా ఇళ్లలోకి వచ్చేసేది. లేచారా, నిన్నటి పులుసు చెడిపోలేదు కదా, పిల్లకు జలుబు తగ్గిందా అని ఒక్కొక్కరిని విడివిడిగా అడిగేది. ఫోన్‌ను నోటి దగ్గర పెట్టుకుని కళ్లు మూసుకుని మాట్లాడుతుందట. మరదలు చెప్పి నవ్వింది. ఆ గొంతు వినకుండా నేను షట్టర్ ఎత్తేదాన్ని కాదు. పక్కవాళ్లు వినకుండా చెవికి ఆనించుకుని వినేదాన్ని, అది వేరే సంగతి.

అమ్మ చర్చికి పోతుంది. చెల్లెలూ పోతుంది. నేను మెట్టినింట్లో బోనం ఎత్తుతాను. మా ఇంట్లో దేవుళ్ల గురించి గొడవలు లేవు, ఫోన్ల గురించే ఉన్నాయి.

చెల్లెలు తరిగొప్పుల అవతల ఒక చిన్న ఊళ్లో, బడి పిల్లలకు మధ్యాహ్నం అన్నం వండేది. మహిళా సంఘం తరఫున వచ్చిన పని. ఇంట్లో ఉప్పూ పప్పూ దాని మీదే గడిచేవి. కానీ అది ఉత్త కూలి పని కాదు ఆమెకు. దారిలో కనబడితే పిల్లలు ఎదురొచ్చి ఇవాళ గుడ్డు పెడతావా అని అడిగేవాళ్లు. తల్లులు ఆమెను చూసి తమ పిల్లవాడు సరిగా తింటున్నాడా అని వాకబు చేసేవాళ్లు. మా చెల్లెలు ఆ మర్యాదకు మురిసిపోయేది. వంట చేసే రోజున తలకు నూనె పెట్టి దువ్వి, కొంగు బిగించి, టీచరమ్మ పోయినట్టే బడికి పోయేది.

అలాంటి మనిషికి మెడ పక్కన గడ్డ లేచింది. మొదట చింతగింజంత, తర్వాత ఉసిరికాయంత. జనగామ దవాఖానలో సూది గుచ్చి పరీక్ష చేశారు. ఆ రిపోర్టు ఫొటో తీసి నా నంబర్‌కు పెట్టి, "అక్కా ఇదేంది, జర సదివి చెప్పు" అంది. అప్పుడు దుకాణం నిండా మనుషులున్నారు. అందులో మూడో వరుస చదివి ఫోన్ బోర్లా పెట్టేశాను. ఆ రోజంతా ఎవరికి ఏం ప్రింట్ తీశానో గుర్తు లేదు.

మర్నాడు జనగామ పోయాను. డాక్టర్ ఓపిక గల మనిషి. గ్రంథులకు వచ్చిన టీబీ అనీ, గోలీలు ఆపకుండా మింగితే తగ్గుతుందనీ చెప్పాడు. చెల్లెలికి తగ్గడం మీద ధ్యాస లేదు. తాను బడిలో వంట చేస్తానని, పిల్లలకేమన్నా అవుతుందా అని అడిగింది. ఇది దగ్గితే తుమ్మితే అంటేది కాదు, వంట చేసుకోవచ్చు అన్నాడు. మళ్లీ అడిగింది. ఆయన విసుక్కోకుండా మళ్లీ అదే చెప్పాడు. బయటికొచ్చాక నన్నడిగింది.

బస్టాండులో కూర్చున్నప్పుడు నా చెయ్యి పట్టుకుంది. "అక్కా, టీబీ అన్న మాట ఊళ్లె వడ్డదంటే నా పని పోయినట్టె. మెడదా, ఊపిరిదా అని ఎవలడుగుతరు? పిల్లలను గన్న తల్లులు, వాళ్లను గూడ అనేదేమున్నది. ఎవ్వలికి చెప్పకు. ఫోన్ల అసలే వద్దు."

ఆ రిపోర్టును తన ముందే నా ఫోన్‌లోంచి చెరపమంది. చెరిపాను. ఇంత కష్టంలోనూ నాకు కొంచెం తృప్తి కలిగింది, దాచకుండా చెబుతున్నాను. మా ఇంట్లో ఇన్నాళ్లకు నాలాగా ఆలోచించే మనిషి ఒకరు దొరికారు. అమ్మకు మాత్రం చెప్పాలంది, అమ్మ ప్రార్థన చేస్తే ధైర్యంగా ఉంటుందని. మెసేజ్ పెట్టకుండా ఫోన్ చేసి చెప్పింది. ఎవరికీ చెప్పొద్దని కూడా చెప్పింది. నేను పక్కనే ఉన్నాను. అమ్మ ఒట్టు పెట్టింది.

గోలీలు మొదలయ్యాయి. ఒంటికి పడక మొదట వాంతులయ్యాయి, తర్వాత సర్దుకుంది. గడ్డ కరగడం మొదలైంది. ఇక గండం గడిచినట్టే అనుకున్నాం. ఒక మధ్యాహ్నం చెల్లెలు ఫోన్ చేసింది.

"పిల్లలందరు ఇంటికాంచి డబ్బాలు తెచ్చుకున్నరక్కా. వండిన అన్నం వండినట్టె ఉన్నది."

ఆమె ఏడవడం లేదు. సాంబారులో మునక్కాయలు కూడా వేశానని చెప్పింది. పిల్లలు డబ్బాలు తెరుచుకుని, ఆమె వైపు చూడకుండా తిన్నారట. ఒక చిన్న పిల్ల మాత్రం గుడ్డు అడగబోతే పెద్ద పిల్ల చెయ్యి పట్టి కూర్చోబెట్టిందట. సాయంత్రం పెద్దసారు పిలిచి, తల్లిదండ్రులు వచ్చి అడుగుతున్నారనీ, కొన్నాళ్లు రావద్దనీ చెప్పాడు. డాక్టర్ మాట చెబితే విన్నాడు, కానీ నేనేం చెయ్యగలనమ్మా అన్నాడు. తర్వాత కొద్ది రోజులకే సంఘం వాళ్లు కూర్చుని ఇంకొకామెను పెట్టారు. మా చెల్లెలు పత్తి ఏరడానికి పోవడం మొదలుపెట్టింది.

డబ్బాల సంగతి చెప్పిన రోజు ఫోన్ పెట్టేసే ముందు ఆమె నన్నొక మాట అడిగింది.

"నీ దుకాణంల నీ ఫోన్ ఎవలన్న చూసిన్రా అక్కా?"

నీ ముందే చెరిపాను కదా అన్నాను. చెరిపినవి మళ్లీ తెచ్చుకోవడం జిరాక్స్ షాపుల వాళ్లకు వస్తుందట కదా అంది. లోకంలో ఎవరినీ నమ్మని నన్ను పట్టుకుని, నా తోడబుట్టింది నమ్మనంది. నాలుగు మాటలు అనేశాను. ఆమె ఫోన్ పెట్టేసింది. అప్పట్నుంచి మా ఇంటివాళ్ల గ్రూపులో అమ్మకు జవాబిస్తుంది, తమ్ముడికి ఇస్తుంది, నాకివ్వదు.

ఇక నేను దొంగను వెతకడం మొదలుపెట్టాను. మందుల దుకాణం వాణ్ని అనుమానించాను. దవాఖానలో గోలీలు ఇచ్చే ఆమెను అనుమానించాను. చెల్లెలి పనిలోకి వచ్చిన ఆమెనైతే రెండు వారాలు దోషిని చేసి కూర్చోబెట్టాను. ఏదీ తేలలేదు. చివరికి ఫోన్ మీద పడ్డాను. ఆ రిపోర్టు నాకు వచ్చిన తర్వాత మెడ గడ్డలకు ఏదో తైలం ప్రకటన నా ఫోన్‌లో రెండు మూడుసార్లు కనిపించింది. నువ్వే దాని గురించి వెతికి ఉంటావు, అందుకే వచ్చింది అన్నాడు తమ్ముడు. వెతికిన మాట నిజమే. అయినా నేను ఊరుకోలేదు. ఫోన్ వింటుందో లేదో చూద్దామని ఒక రోజంతా దాని ముందు ట్రాక్టర్ టైర్లు, ట్రాక్టర్ టైర్లు అని అంటూ కూర్చున్నాను. టైర్ల ప్రకటన ఒక్కటీ రాలేదు. నేను పరీక్ష చేస్తున్నానని దానికి తెలిసిపోయిందని అనుమానం వచ్చింది.

ఆ యాప్‌లో ఎవరితో మాట్లాడబోయినా మొదట పసుపు రంగు గడిలో ఒక హామీ కనిపిస్తుంది. ఈ మాటలకు తాళం ఉంది, మీరూ అవతలివాళ్లూ తప్ప మధ్యలో ఎవరూ చదవలేరు, వినలేరు అని దాని సారాంశం. నేను ఆ మధ్యనే చూస్తూ కూర్చున్నాను. ఎంతసేపూ అక్కడే ఎవడో నక్కి ఉన్నాడని నా నమ్మకం.

ఒకరోజు మా వెనక వీధి ఆమె వచ్చింది. ఆమె ఇక్కడి చర్చిలో పాటలు పాడుతుంది. శుక్రవారం ఉపవాస ప్రార్థనకు పాటల కాగితం ప్రింట్ కావాలంది. అది ఏ గ్రూపులో వచ్చిందో గుర్తు లేక, నా బల్ల ముందు నిలబడి ఫోన్‌ను పైకీ కిందికీ జరుపుతోంది. వేలు దేనికో తగిలింది. నా దుకాణంలో మా అమ్మ మాట్లాడింది.

"అందరికి వందనాలు. నా చిన్న బిడ్డ కోసం ప్రార్థన చెయ్యిన్రి." తర్వాత చెల్లెలి పేరు చెప్పింది. మండలం చెప్పింది, ఊరు చెప్పింది. "బడిల వంట చేస్తది. మెడకు టీబీ గడ్డ అయింది. ఊళ్లె తెలిస్తే పని పోతదని బిడ్డ పరేషాన్ అయితున్నది. ఆమె పని పోవద్దని, ఈ సంగతి ఎవ్వలికి తెల్వద్దని దేవునికి మొరపెట్టున్రి."

పొద్దున్నే పులుసు గురించి అడిగే ఆ గొంతే. మెసేజ్ పైన రెండు బాణాల గుర్తు ఉంది, చాలాసార్లు చేతులు మారిందని. ఎవరు పంపారని అడిగాను. వరంగల్ ఆమె ఎవరో పెట్టిందనీ, ఆమెకు ఎవరు పెట్టారో తెలియదనీ చెప్పింది. "ఎవలో పాపం, మేం గూడ రోజు ఆమె కోసం ప్రార్థన చేస్తున్నమక్కా" అని కూడా అంది. ఆ గొంతు మా అమ్మదని నేను చెప్పలేదు. పాటల కాగితం తీసిచ్చి, ఆమె వీధి మలుపు తిరిగేదాకా చూసి, షట్టర్ దించేశాను.

మరునాడే భూపాలపల్లి పోయాను. బస్సులో కూర్చున్నంతసేపూ అమ్మను ఏమనాలో కూడబలుక్కున్నాను. తీరా పోయేసరికి ఆమె సంతోషంగా ఎదురొచ్చింది. నేను నోరు తెరవకముందే ఫోన్ తెచ్చి నా చేతిలో పెట్టింది.

"చూడు బిడ్డా, చెల్లె కోసం ఎంతమంది ఆమెన్ పెట్టిన్రో. గంగారం దిక్కు ఒకామె ఉపాసం గూడ ఉన్నదట."

నిజంగానే ఉంది. దండం పెట్టే చేతుల బొమ్మలు కిందికి జరిపినకొద్దీ వస్తూనే ఉన్నాయి. మేమెన్నడూ చూడని ఆడవాళ్లు మా చెల్లెలి పేరు పెట్టి ఏడుస్తూ చేసిన ప్రార్థనలున్నాయి. అమ్మ తన వీధి ఆడవాళ్ల ప్రార్థన గ్రూపులో ఒక్కదాంట్లోనే చెప్పింది. ఎక్కువ నోళ్లు అడిగితే దేవుడు తొందరగా వింటాడని వాళ్లు తమ వాళ్లకు పంపారు. వాళ్లు ఇంకొందరికి. ఆ దారిలోనే ఎక్కడో చెల్లెలి ఊరికి చుట్టాలున్న మనిషి ఒకరు తగిలి ఉంటారు. ఒక్కరూ చెడ్డ మాట అనలేదు. ఒక్కరూ వెక్కిరించలేదు. ఇన్నాళ్లు దొంగ కోసం వెతికిన నాకు దొంగ లేడని తేలింది. దాంతో కోపం తగ్గకపోగా, దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

ఎవరికీ చెప్పనని ఒట్టు పెట్టావు కదా అని అడిగాను. ఊళ్లో వాళ్లకు చెప్పలేదు కదా, ప్రార్థనలోనే కదా చెప్పింది అంది. ఆమెకు ఆ రెండూ ఒకటి కావు. వాళ్ల ప్రార్థనలో విన్నపం చెప్పేటప్పుడు పేరు, ఊరు, బాధ స్పష్టంగా చెప్పాలి. ముసుగు వేసి అడిగితే నమ్మకం లేనట్టు. అమ్మ ఎన్నో ఏళ్లుగా ప్రార్థన గదిలో చాప మీద కూర్చుని అలాగే చెప్పింది. ఫోన్ కూడా ఆమెకు ఆ గదిలాంటిదే. అందుకే కళ్లు మూసుకుని మాట్లాడేది.

చెల్లెలి పని పోయిందని అప్పటికి ఆమెకు తెలియదు. బడికి సెలవులని చెల్లెలు అబద్ధం చెబుతూ వచ్చింది. నేను చెప్పాను. డబ్బాల సంగతి, పత్తి ఏరే సంగతి, అన్నీ చెప్పాను. ఈ మెసేజ్ వల్లేనని కూడా చెప్పాను. మెత్తగా చెప్పాల్సింది, చెప్పలేకపోయాను. అమ్మ ఫోన్ తమ్ముడికిచ్చి, ఆ మెసేజ్ తీసెయ్యమంది. తన ఫోన్లోంచి పోతుంది కానీ ఇప్పటికే అందినవాళ్ల దగ్గర్నుంచి పోదని వాడు చెప్పాడు.

"అయితే ఇంకోటి పెడ్త" అంది. ఈసారి కళ్లు తెరుచుకునే మాట్లాడింది. తన బిడ్డది అంటురోగం కాదనీ, డాక్టరే వంట చేసుకోమన్నాడనీ, గడ్డ కూడా కరిగిపోతోందనీ చెప్పింది. ఆ రోజంతా మేం ముగ్గురం ఆ ఫోన్ ముందే కూర్చున్నాం. వీధి ఆడవాళ్లు ఇద్దరు దండం బొమ్మలు పెట్టారు. అంతే. దంతాలపల్లి వచ్చాక వెనక వీధి ఆమెను అడిగాను. అలాంటిదేదీ రాలేదంది. ఇప్పటికీ రాలేదు.

నేను బయల్దేరబోతుంటే అమ్మ నన్నాపి, చెల్లెలు తనతో ఏమీ అనలేదెందుకని అడిగింది. బయటపెట్టింది నేనే అని ఆమె అనుకుంటోందని చెప్పక తప్పలేదు. అమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. ఆదివారం తనను చెల్లెలి ఊరికి తీసుకుపొమ్మంది. ఫోన్‌లో చెప్పవచ్చు కదా అని తమ్ముడంటే, వద్దు, ఈ మాట మనిషి ముందే చెప్పాలె అంది.

ఆదివారం మేం పోయేసరికి చెల్లెలు వంట చేసి కూర్చుంది. వేళ్ల నిండా పత్తికాయ గీతలు. అమ్మ మంచినీళ్లు కూడా ముట్టకుండా, గడప దగ్గరే నిలబడి చెప్పేసింది. అక్కను అనకు, చెప్పింది నేనే, అందరికీ పంపమని నేననలేదు కానీ చెప్పింది మాత్రం నేనే అంది. చెల్లెలు అరుస్తుందనుకున్నాను. అరవలేదు.

"ప్రార్థన చెయ్యమన్న గని, ఊరు పేరు ఎందుకు చెప్పినవమ్మా?"

"చెప్పకుంటే దేవునికి ఎట్ల తెలుస్తది బిడ్డా."

"నన్ను పుట్టిచ్చినోనికి నా ఊరు తెల్వదా?"

చెల్లెలు నా వైపు తిరిగి, కాళ్లు కడుక్కో అక్కా, అన్నం తిందువు అంది. ఇన్నాళ్ల తర్వాత నాతో అన్న మొదటి మాట అది. పోయి కాళ్లు కడుక్కున్నాను.

మా అందరికీ వడ్డించి, తన కంచం తీసుకోవడానికి కిటికీ దగ్గరికి పోయింది. ఒక కంచం, ఒక గ్లాసు అక్కడ విడిగా బోర్లించి ఉన్నాయి. మిగతా గిన్నెలతో కలపలేదు. డాక్టర్ మాట చెవులారా విన్న మనిషి, మూడుసార్లు అడిగి తెలుసుకున్న మనిషి, తన ఇంట్లోనే తన కంచం వేరు పెట్టుకుంది. నేను చూశాను. అమ్మా చూసింది. లేచి వెళ్లి, చెల్లెలి చేతిలోంచి ఆ కంచం లాక్కుని, దాంట్లోనే అన్నం పెట్టుకుని, కలిపి ఇంత ముద్ద నోట్లో పెట్టుకుంది. కళ్ల నీళ్లు కారుతున్నా ఆపకుండా తింటోంది. చెల్లెలు వద్దనలేదు. ఎదురుగా కూర్చుని ఆమె తినేది చూస్తూ ఉంది.

"మంచిగనే ఉన్నదమ్మా నువ్వు తినుడు" అంది. "ఇగ దీన్ని ఎవలు ఫార్వర్డ్ చేస్తరు?"

అమ్మ చెయ్యి కంచంలోనే ఆగిపోయింది.